థర్మల్ కెమెరాని టెలిస్కోప్‌కి తగిలిస్తే ఇన్‌ఫ్రారెడ్ ఆకాశం కనిపిస్తుందా?

కూకట్‌పల్లి_డాబ్:

అందరికీ నమస్తే. నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ (పెద్ద అద్దంతో వెలుతురు పోగుచేసే టెలిస్కోప్) ఉంది. కేపీహెచ్‌బీలో మా బిల్డింగ్ టెర్రస్ మీద పెట్టి చూస్తుంటాను. చుట్టూ మెట్రో లైట్లు, మాల్ లైట్లు, పైన ఎప్పుడూ పోని దుమ్ము పొర, కాబట్టి చంద్రుడు, గురుడు, శని తప్ప పెద్దగా ఏదీ దక్కడం లేదు. మా బావమరిది ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ ప్యానెళ్లు ఎక్కడ వేడెక్కుతున్నాయో చూసే పని చేస్తాడు. అతని దగ్గర మంచి థర్మల్ కెమెరా ఉంది, ఆదివారం అయితే తెచ్చిస్తానంటున్నాడు. దాన్ని టెలిస్కోప్‌కి తగిలిస్తే ఏమైనా వస్తుందా?

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మన గెలాక్సీ మధ్యలో బ్లాక్ హోల్ చుట్టూ నక్షత్రాలు తిరిగే వీడియో చూశాను, అది భూమ్మీద ఉన్న టెలిస్కోపులతోనే ఇన్‌ఫ్రారెడ్‌లో తీశారట, ఇన్‌ఫ్రారెడ్ దుమ్ములోంచి కూడా వస్తుందట. అక్కడి దుమ్ములోంచి వచ్చేది మన హైదరాబాద్ దుమ్ములోంచి రాదా అనిపించింది. ఇంకో డౌట్, ఆ పెద్ద అబ్జర్వేటరీల ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు కోట్లలో ఉంటాయి, వాటిని లిక్విడ్ నైట్రోజన్‌లో చల్లబెడతారు అని చదివాను. బావమరిది కెమెరాకి అవేమీ అక్కర్లేదు కదా, చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. తేడా ఎక్కడుంది? మన ఇండియాలో అలాంటి కెమెరాలు ఎక్కడైనా ఉన్నాయా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

హబ్సిగూడ_ఫోటాన్:

మంచి ప్రశ్న. ఎంఎస్సీ ప్రాజెక్టులో ఇన్‌ఫ్రారెడ్ ఎరే (పిక్సెళ్ల వరసలున్న సెన్సర్) డేటాతో కుస్తీ పట్టాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికుంటే చదవండి.

ముందు థర్మల్ కెమెరా సంగతి. చంద్రుడు దొరుకుతాడు, ఎందుకంటే ఎండ నేరుగా పడే చోట చంద్రుడి నేల 100 డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతుంది. నక్షత్రాల మీద మాత్రం ఆశ వదులుకోండి. ఆ కెమెరా చూసేది 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం మధ్య (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). ఆ కిరణాలు మామూలు గాజులోంచి దూరవు, అందుకే దానికి జెర్మేనియం లెన్సు పెడతారు. ఐపీస్ వెనక పట్టుకుంటే మీకు ఐపీస్ ఎంత వేడిగా ఉందో కనిపిస్తుంది, అంతే. లెన్సు ఊడే మోడల్ అయితే అద్దాల టెలిస్కోప్ కాబట్టి మీ డాబ్‌తో ప్రయత్నించవచ్చు, ఊడకపోతే టెలిస్కోప్ లేకుండా నేరుగా చంద్రుడి వైపు తిప్పి చూడండి. అతని ఉద్యోగం పోయేలా విప్పకండి దయచేసి.

అసలు 10 మైక్రాన్ల దగ్గర 8 అంగుళాల అద్దం విడదీయగలిగేది దాదాపు 12 ఆర్క్‌సెకన్లే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). గురుడు దగ్గరగా ఉన్నప్పుడు 45 ఆర్క్‌సెకన్ల చుట్టుపక్కల ఉంటాడు. అంటే గురుడి అడ్డం మొత్తానికి మీకు మూడు నాలుగు చుక్కలు. వివరం తరంగదైర్ఘ్యం మీద, అద్దం సైజు మీద ఆధారపడుతుంది కాబట్టి ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా దీన్ని తప్పించుకోలేరు. మీరు చూసిన ఆ గెలాక్సీ కేంద్రం వీడియో 2.2 మైక్రాన్ల దగ్గర, చిలీలోని 8.2 మీటర్ల వీఎల్‌టీ, హవాయిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోపులతో, అడాప్టివ్ ఆప్టిక్స్ (గాలి అలజడిని అప్పటికప్పుడు సరిదిద్దే ఏర్పాటు) పెట్టి తీసినది. ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకోసారి ఆ బ్లాక్ హోల్‌ని చుట్టి వస్తుందని అలాగే కనిపెట్టారు. 2020లో రైన్‌హార్డ్ గెంజెల్‌కీ, ఆండ్రియా గెజ్‌కీ నోబెల్ వచ్చింది ఈ పనికే. కంటికి కనిపించే వెలుతురులో అయితే అక్కడి నుంచి బయల్దేరిన ఫోటాన్లలో లక్ష కోట్లకి ఒకటి మన దాకా వస్తుంది. 2.2 మైక్రాన్ల దగ్గర పది, పదిహేనింటికి ఒకటి వస్తుంది. దుమ్ము రేణువులు ఆ తరంగం కంటే చాలా చిన్నవి కావడమే కారణం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, చల్లదనం ఎందుకు. రెండు కారణాలు, అందరూ ఒకటే చెప్పి వదిలేస్తారు.

మొదటిది సెన్సర్ లోపలిది. ఫోన్‌లో, మన ఆస్ట్రో కెమెరాల్లో ఉండేది సిలికాన్. 1.1 మైక్రాన్లు దాటిన ఫోటాన్‌కి సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ని లేపేంత శక్తి ఉండదు, అక్కడితో దాని పని సరి. అందుకని వేరే పదార్థాలు వాడతారు. మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌లో గమ్మత్తేమిటంటే పాదరసం, కాడ్మియం పాళ్లు మార్చి ఎన్ని మైక్రాన్ల దాకా చూడాలో తయారీలోనే నిర్ణయించుకోవచ్చు, 1.7 కావాలంటే 1.7, 2.5 కావాలంటే 2.5, 5 దాటి కూడా. ఇండియం యాంటిమోనైడ్ అయితే 5.5 దాకా చూస్తుంది. కానీ తక్కువ శక్తికే ఎలక్ట్రాన్ లేస్తుందంటే, పదార్థం సొంత వేడికి కూడా లేస్తుంది. గది ఉష్ణోగ్రతలో పెడితే వెలుతురు పడకుండానే పిక్సెల్ నిండిపోతుంది. అందుకే 2.5 మైక్రాన్ల సెన్సర్‌ని దాదాపు 77 కెల్విన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఇండియం యాంటిమోనైడ్‌ని ఇంకా కిందికి 35 కెల్విన్ ప్రాంతంలో ఉంచుతారు. బావమరిది కెమెరాలో ఉన్నది వేరే జాతి, మైక్రోబోలోమీటర్. అది ఫోటాన్లు లెక్కపెట్టదు, ప్రతి పిక్సెల్ ఎంత వెచ్చబడిందో కొలుస్తుంది. ప్యానెల్‌లో వదులైన కనెక్షన్ పట్టుకోవడానికి అది చాలు, నక్షత్రానికి చాలదు.

రెండో కారణమే నా దృష్టిలో అసలైనది. 300 కెల్విన్ (గది ఉష్ణోగ్రత) దగ్గర ఉండే ఏ వస్తువైనా 10 మైక్రాన్ల చుట్టూ బాగా వెలుగుతుంది. టెలిస్కోప్ ట్యూబు, అద్దం, చిన్న అద్దాన్ని పట్టుకునే స్పైడర్, మీ చెయ్యి, గాలి, అన్నీ. దాదాపు 2.3 మైక్రాన్లు దాటిన దగ్గర్నుంచే ఇది తలనొప్పి. కాబట్టి కెమెరా లోపల ఫిల్టర్లు, లెన్సులు, ఒక కోల్డ్ స్టాప్, అన్నీ వాక్యూమ్ డబ్బాలో పెట్టి చల్లబరుస్తారు. సెన్సర్‌కి అద్దం నుంచి వచ్చే కిరణాలు తప్ప చుట్టుపక్కల వెచ్చటి ట్యూబు కనపడకుండా ఆ కోల్డ్ స్టాప్ అడ్డుకుంటుంది. అద్దం కూడా వెలుగుతుంది, దాన్నేమీ చెయ్యలేం, కాస్త తగ్గించవచ్చు, జెమినై టెలిస్కోపుల అద్దాలకి అల్యూమినియం బదులు వెండి పూత వేసింది ఇందుకే.

ఇంత చేసినా ఆకాశం ఉంది కదా. 1 నుంచి 2.3 మైక్రాన్ల మధ్య, దాదాపు 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే హైడ్రాక్సిల్ అణువులు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి, పైగా నిమిషాల్లో మారిపోతుంటాయి. 2.2 మైక్రాన్ల చుట్టూ ఉండే కె బ్యాండ్‌లో ఒక చదరపు ఆర్క్‌సెకను ఆకాశం దాదాపు 13 మాగ్నిట్యూడ్ (అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) వెలుగు ఇస్తుంది. మీకు కావలసినది 18 మాగ్నిట్యూడ్ నక్షత్రం అనుకోండి, అది ఈ వెలుగులో నూరో వంతు. పట్టపగలు ఎదురెండలో పతంగి మాంజా వెతకడం లాంటి పని. అందుకని టెలిస్కోప్‌ని ప్రతి ఫ్రేమ్‌కీ కొద్దికొద్దిగా జరుపుతూ తీస్తారు, నక్షత్రాలు పిక్సెళ్ల మీద చోటు మారతాయి, ఆకాశం వెలుగు మాత్రం అన్ని పిక్సెళ్ల మీదా ఉంటుంది, ఫ్రేములన్నిటి మీడియన్ (మధ్య విలువ) తీస్తే ఆకాశం మిగులుతుంది, దాన్ని ప్రతి ఫ్రేమ్‌లోంచి తీసేస్తారు. నా ప్రాజెక్టులో సగం కాలం ఈ తీసివేతకే పోయింది. ముందు ఫ్రేమ్‌లో బాగా వెలిగిన నక్షత్రం తాలూకు దెయ్యం తర్వాతి ఫ్రేమ్‌లో అదే పిక్సెల్ మీద కనిపిస్తుంటుంది, అది ఇంకో గోల.

మల్కాజ్‌గిరి_మూర్తి:

ఫోటాన్ గారూ బాగా చెప్పారు, కానీ ఖర్చు సంగతి వదిలేశారు. కోట్లు ఎందుకవుతాయి? ఇంకొకటి, ఇప్పుడు సోనీ ఐఎంఎక్స్990 అని ఇండియం గ్యాలియం ఆర్సెనైడ్ సెన్సర్ వచ్చింది, 0.4 నుంచి 1.7 మైక్రాన్ల దాకా చూస్తుంది, 13 లక్షల పిక్సెళ్లు, లిక్విడ్ నైట్రోజన్ అక్కర్లేదు, మామూలు ఎలక్ట్రిక్ కూలర్ చాలు. దాంతో కెమెరా తీసుకోవచ్చు కదా? అన్నీ అసాధ్యం అన్నట్టు చెప్తే కొత్తవాళ్లు భయపడిపోతారు.

హబ్సిగూడ_ఫోటాన్:

మూర్తి గారూ, ఖర్చు గురించి. సిలికాన్ సెన్సర్ ఒకే చిప్పు. ఇన్‌ఫ్రారెడ్ ఎరే రెండు చిప్పులు, పైన వెలుతురు పట్టే పొర, కింద రీడౌట్ చేసే సిలికాన్ సర్క్యూట్, మధ్యలో ప్రతి పిక్సెల్‌కీ ఒక చిన్న ఇండియం గుబ్బ. 2048 బై 2048 చిప్పు అంటే 42 లక్షల గుబ్బలు, అన్నీ అతుక్కోవాలి. రెండు పదార్థాలూ చల్లబడేటప్పుడు ఒకే తీరున కుంచించుకుపోవు, ఇండియం అంత చలిలో కూడా మెత్తగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది, అయినా తొందరపడి చల్లబరిస్తే చిప్పు పోయినట్టే. చేసేవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పైగా మిలిటరీకి పనికొచ్చే వస్తువు కాబట్టి అమెరికా నుంచి తెప్పించుకోవాలంటే ఎగుమతి లైసెన్సుల తిప్పలు.

ఇంకో మంచి విషయం ఉంది. సీసీడీ అనే సిలికాన్ సెన్సర్‌లో చార్జ్‌ని పిక్సెల్ నుంచి పిక్సెల్‌కి నెట్టుకుంటూ చివరికి తెచ్చి చదువుతారు, చదివితే ఖాళీ. ఇందులో ప్రతి పిక్సెల్ కిందా సొంత యాంప్లిఫయర్ ఉంటుంది, ఎక్స్‌పోజర్ నడుస్తుండగానే ఎన్నిసార్లయినా చదవవచ్చు, చార్జ్ ఎక్కడికీ పోదు. మొదట్లో కొన్నిసార్లు, చివర్లో కొన్నిసార్లు చదివి సగటుల తేడా తీసుకుంటే రీడ్ నాయిస్ (చదివేటప్పుడు చేరే తప్పుడు సిగ్నల్) తగ్గుతుంది, దీన్ని ఫౌలర్ శాంప్లింగ్ అంటారు. ఆపకుండా చదువుతూ పోతే గీత ఎక్కుతున్నట్టు వస్తుంది, మధ్యలో కాస్మిక్ రే తగిలితే ఒక్క మెట్టు పైకి దూకుతుంది, దాన్ని పట్టుకుని సరిచెయ్యవచ్చు. నాకైతే ఈ ఎరేల్లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఐఎంఎక్స్990 మంచి సెన్సరే, కాదనను. 1.7 దగ్గర ఆగిపోతుంది కాబట్టి వేడి వెలుగు బాధ పెద్దగా లేదు, కె కంటే పొట్టి తరంగాల జె, హెచ్ బ్యాండ్లు అందుతాయి. కానీ ఆ కెమెరా ఖరీదుకి మన డాబ్ గారి టెలిస్కోపులు చాలానే వస్తాయి, డార్క్ కరెంటు (వెలుతురు లేకుండానే పిక్సెల్‌లో చేరే చార్జ్) సిలికాన్‌తో పోలిస్తే బాగా ఎక్కువ, డాబ్‌కి ట్రాకింగ్ కూడా లేకపోతే ఏం లాభం. ఆయన అడిగింది బావమరిది కెమెరా గురించి కదా, లక్షలు పెట్టమని నేను చెప్పలేను.

మల్కాజ్‌గిరి_మూర్తి:

సరే, ట్రాకింగ్ మాట ఒప్పుకుంటాను. మిగతాది ఇంకో పదేళ్లలో మారుతుంది, చూడండి.

బేగంపేట_పాతకాపు:

పిల్లలూ, ఈ చర్చ చూసి ముచ్చటేసింది, మన ఊరి సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో ఫీసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి వచ్చింది, ఆకాశం మొత్తాన్ని ఫోటో పలకల మీద ఎక్కించే అంతర్జాతీయ పనిలో మన హైదరాబాద్‌కీ ఒక భాగం ఇచ్చారు. ఆ తర్వాత ఉస్మానియా వాళ్లు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు, 1968లో. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడి మీదుగానే వెళ్లింది. అక్కడ చేసిన ఫోటోమెట్రీలో (నక్షత్రాల వెలుగు కొలిచే పనిలో) ఒక్కో నక్షత్రానికి ఒక్కో కొలత, మొత్తం వెలుతురు కొలిచే ఒక్క ఎలక్ట్రానిక్ గొట్టంతోనే. ఇన్‌ఫ్రారెడ్ వాళ్ల పరిస్థితి కూడా చాలాకాలం అంతే, ఒకే ఒక్క డిటెక్టర్, ఆకాశాన్ని గీత గీతగా గీకాలి. 1986లో హవాయిలోని యుకర్ట్ టెలిస్కోప్‌కి 62 బై 58 పిక్సెళ్ల కెమెరా పెట్టేదాకా ఖగోళ శాస్త్రవేత్తలందరికీ అందే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా అనేదే లేదు. మొత్తం 3,596 పిక్సెళ్లు, ఇప్పటి పిల్లల బొమ్మ కెమెరాలో కూడా అంతకంటే ఎక్కువే. తర్వాత చిలీలో విస్టా టెలిస్కోప్‌కి ఒక్క కెమెరాలోనే 6 కోట్ల 70 లక్షల పిక్సెళ్లు పెట్టారు.

మన ఊళ్లో ఇన్‌ఫ్రారెడ్‌కి ఇంకో బంధుత్వం ఉంది. ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ల బెలూన్ కేంద్రం. వాళ్లు ఒక మీటరు అద్దం ఉన్న ఫార్ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌ని బెలూన్‌కి కట్టి 30 కిలోమీటర్ల ఎత్తుకి పంపేవారు. ఎందుకంటే 100, 200 మైక్రాన్ల కిరణాలు గాలిలోని నీటి ఆవిరిని దాటి నేలకి రానే రావు, ఎంత కెమెరా పెట్టినా కింద కూర్చుని లాభం లేదు. తెల్లవారుజామున ఆ తెల్ల బెలూన్ మౌలాలి వైపు ఆకాశంలో పైకి పోతుంటే చూసిన ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

హబ్సిగూడ_ఫోటాన్:

సార్, బెలూన్ సంగతి ఎత్తినందుకు థాంక్స్. డాబ్ గారి ఇండియా ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు ఉంది. నీటి ఆవిరి వల్లే నేల మీద నుంచి చూడడానికి జె, హెచ్, కె, తర్వాత 3.5 మైక్రాన్ల దగ్గర ఎల్, ఇలా కొన్ని కిటికీలే మిగులుతాయి, ఎత్తుగా పొడిగా ఉన్న చోటుకి పోతే ఆ కిటికీలు ఇంకా శుభ్రంగా ఉంటాయి. లడఖ్‌లో హాన్లే దగ్గర 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌కి టీఐఎఫ్ఆర్ వాళ్లు టిర్‌స్పెక్ అనే ఇన్‌ఫ్రారెడ్ పరికరం చేసి పెట్టారు, అందులో 1024 బై 1024 మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ చిప్పు. ఉత్తరాఖండ్‌లో దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోప్‌కి టిర్‌క్యామ్2 అనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంది, 512 బై 512 ఇండియం యాంటిమోనైడ్, క్రయోకూలర్‌తో 35 కెల్విన్‌కి చల్లబరుస్తారు, అది 3.6 మైక్రాన్ల దాకా ఫోటో తీస్తుంది. అక్కడే టాన్‌స్పెక్ స్పెక్ట్రోగ్రాఫ్ కూడా. హైదరాబాద్ 540 మీటర్లలో ఉంది, వానాకాలం ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు.

సైనిక్‌పురి_శని:

డాబ్ భయ్యా, వీళ్లు చెప్పిందంతా నిజమే, కానీ మీ టెర్రస్ మీద నుంచే చెయ్యగలిగింది చాలా ఉంది. సిలికాన్ 1.1 దాకా చూస్తుందన్నారు కదా, మనకి ఆ చివరి ముక్క చాలు. మోనో ప్లానెటరీ కెమెరా ఒకటి, 850 నానోమీటర్ (0.85 మైక్రాన్) ఐఆర్ పాస్ ఫిల్టర్ ఒకటి, అంటే అంతకంటే పొడుగు తరంగాలనే లోపలికి వదిలేది. ఫిల్టర్ అయితే కొన్ని వేలల్లోనే వచ్చేస్తుంది.

మీరు అడిగిన హైదరాబాద్ దుమ్ము గురించి, కొంతవరకు మీరు అనుకున్నదే నిజం. తరంగం పొడుగైతే గాలి అలజడి తక్కువ కనిపిస్తుంది, మసక కూడా తగ్గుతుంది. ఇప్పుడు వీధుల్లో పెడుతున్న తెల్ల ఎల్ఈడీలు 800 నానోమీటర్లు దాటాక దాదాపు ఏమీ వెలగవు. అందుకే 850 దగ్గర ఊరి వెలుతురు చాలావరకు మాయమవుతుంది. కాకపోతే అక్కడ సెన్సర్ సున్నితత్వం పడిపోతుంది, కాబట్టి గ్రహాలకి, చంద్రుడికి బాగుంటుంది, నెబ్యులాలకి కాదు. పగలు చంద్రుడిని ఈ ఫిల్టర్‌తో తీసి చూడండి, నీలం ఆకాశం నల్లగా అయిపోతుంది.

అది అలవాటయ్యాక 889 నానోమీటర్ మీథేన్ ఫిల్టర్. ఆ బ్యాండ్‌లో గురుడి లోతు మేఘాల వెలుగుని మీథేన్ మింగేస్తుంది, ఎత్తున ఉన్నవే మెరుస్తాయి, పెద్ద ఎర్ర మచ్చ తెల్లగా వెలుగుతూ కనిపిస్తుంది. 8 అంగుళాలకి కష్టం, కానీ వస్తుంది, గెయిన్ బాగా పెంచాలి. ఇంకా తిక్క పని కావాలంటే శుక్రుడు సన్నని నెలవంకగా ఉన్నప్పుడు 1,000 నానోమీటర్ ఫిల్టర్ పెట్టి చీకటి వైపు చూడండి. శుక్రుడి నేల 460 డిగ్రీల వేడికి అక్కడ కొద్దిగా వెలుగుతుంది, ఆ వెలుగు మేఘాలు దాటి వస్తుంది. బావమరిది థర్మల్ కెమెరాతో అవ్వని వేడి ఫోటో మామూలు సిలికాన్‌తో అవుతుందన్నమాట. నెలవంక మాత్రం ఓవర్ ఎక్స్‌పోజ్ అయి మండిపోతుంది, దాన్ని ఫ్రేమ్ బయట పెట్టడమే మంచిది. డాబ్‌తో ఫోకస్ లోపలికి సరిపోకపోతే బార్లో లెన్సు పెడితే పని అవుతుంది, ఈ తరంగాల్లో గాజుతో ఇబ్బంది లేదు.

కూకట్‌పల్లి_డాబ్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. బావమరిది కెమెరాతో చంద్రుడిని చేత్తోనే చూస్తాను, విప్పను, టెన్షన్ పడకండి. 850 ఫిల్టర్ ఆర్డర్ పెట్టేస్తున్నాను. పాతకాపు సార్, జపాల్-రంగాపూర్ గురించి ఇంకా రాయండి, విడిగా థ్రెడ్ పెట్టినా సరే. ఫోటాన్ గారూ, ఒక్క చివరి ప్రశ్న, ఇన్‌ఫ్రారెడ్‌కీ మామూలు ఫోటోకీ తేడా నా కళ్లతో నేనే చూసుకోవాలంటే డేటా ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుందా?

హబ్సిగూడ_ఫోటాన్:

దొరుకుతుంది. టూమాస్ సర్వే, 1997 నుంచి 2001 దాకా అరిజోనాలో ఒకటి, చిలీలో ఒకటి, రెండు 1.3 మీటర్ల టెలిస్కోపులతో ఆకాశం మొత్తాన్ని జె, హెచ్, కె బ్యాండ్లలో తీశారు, 256 బై 256 ఎరేలతోనే. అంతా ఉచితం. అలాదిన్ లైట్ అని బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, అందులో ఎం42 (ఓరియన్ నెబ్యులా) అని కొట్టండి, ముందు కంటికి కనిపించే వెలుతురులో తీసిన డీఎస్ఎస్ పొర చూసి తర్వాత టూమాస్‌కి మార్చండి. నెబ్యులా మధ్యలో ఉన్న ట్రపీజియం నక్షత్రాల గుంపు నుంచి వాయవ్యంగా దాదాపు ఒక ఆర్క్‌నిమిషం దూరంలో, మొదటి పొరలో ఏమీ లేని చోట ఎర్రగా ఒకటి బయటపడుతుంది. దాని పేరు బెక్లిన్-న్యూగెబావర్ ఆబ్జెక్ట్, 1960ల్లో పట్టుకున్నారు, దుమ్ములో కూరుకుపోయిన భారీ నక్షత్రం. ఆ తర్వాత గెలాక్సీ కేంద్రానికి వెళ్లండి, సాజిటేరియస్ ఎ స్టార్ (అక్కడి బ్లాక్ హోల్ పేరు) అని కొట్టాలి. ఫైళ్లు దించుకుని మీరే రంగులు కలుపుకోవాలంటే చెప్పండి, ఎఫ్ఐటీఎస్ ఫైళ్లు (ఖగోళ ఫోటోల ఫార్మాట్) ఎలా తెరవాలో రాస్తాను.